ఏప్రిల్ నుంచా, మే నుంచా

ఈ ఎండాకాలం మా ఫ్యాక్టరీలో అందరూ జీతాలు పెరగాలని కోరుకున్నారు. పెరగొద్దని కోరుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట బయటికి అంటే పిచ్చోడంటారు. తాగుబోతు అన్న పేరు ఎలాగూ ఉంది, దాని పక్కన ఇదొకటి చేరేది.

నేను తాగను. జన్మలో చుక్క ముట్టలేదు. చర్చిలో ఇరవై ఏళ్ళు క్వయర్‌లో నిలబడి పాడినవాణ్ణి. నాకున్నది మయస్థీనియా అనే జబ్బు. నరం చెప్పిన మాట కండరం వినదు, అంతే దాని కథ. పొద్దున నాలుగింటికి లేచినప్పుడు నేను అందరిలాంటి మనిషినే. పని చేసేకొద్దీ ఒంట్లో సత్తువ దిగిపోతుంది. మధ్యాహ్నానికి ఎడమ రెప్ప సగం వాలుతుంది, ఎదురుగా వచ్చే ఒక్క మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. సాయంత్రానికి నాలుక మందమై మాట ముక్కులోంచి వస్తుంది, చీకటి పడేసరికి అదీ రాదు. పటాన్‌చెరులో షిఫ్టు దిగిన మగాడు రెప్పలు వాల్చుకుని ముద్దముద్దగా మాట్లాడితే జనం ఏమనుకుంటారో వేరే చెప్పాలా?

నేనూ కాదనలేదు. తాగుబోతును కంపెనీ భరిస్తుంది, రోగిని భరించదు. రెండేళ్ళ కింద ఊపిరి అందక పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. అప్పుడు కూడా న్యుమోనియా అని చెప్పుకున్నాను. తిరిగొచ్చాక లేతు మిషను మీంచి తీసి టూల్ రూమ్ కౌంటర్ దగ్గర కూర్చోబెట్టారు. డ్రిల్లు బిట్లు ఇవ్వడం, తీసుకోవడం. ఏడ్చినట్టుండే పనే గాని కూర్చుని చేసేది కాబట్టి నాకు మేలే అయింది.

ఆ పదకొండు రోజుల తర్వాత డాక్టరమ్మ ఒక మందు మొదలుపెట్టింది. ఏటా రెండుసార్లు, జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి, ఈఎస్ఐ పెద్దాసుపత్రిలో సెలైన్‌లా ఎక్కిస్తారు. నన్ను నిలబెడుతున్నది అదే. బయట కొంటే నా ఏడాది జీతంలో సగం పోతుంది. నాలుగు గంటలకోసారి వేసుకునే మాత్రలు వేరే. అవీ ఈఎస్ఐ నుంచే వస్తాయి. నెల జీతం ఇరవై ఒక్క వేలు దాటితే ఆ ఈఎస్ఐ ఉండదు. నా జీతం ఆ గీతకు కాస్త కిందే, కదలకుండా, నాకిష్టమైనట్టు ఉండేది. రెండేళ్ళుగా నానుతున్న వేతన ఒప్పందం ఈ మార్చిలో కొలిక్కి వచ్చేసరికి నా గుండెల్లో రాయి పడింది.

ఆ రోజుల్లో నేను షిఫ్టు దిగి బీరంగూడ ఇంటికి చేరేసరికి పావు తక్కువ మూడయ్యేది. గంట పడుకుని లేస్తే సౌభాగ్యం టీ పెట్టేది. సౌభాగ్యమ్మ నా భార్య. ఇంట్లో ఉన్నదే మేమిద్దరం, పిల్లలు లేరు. ఆమె జాకెట్లు కుడుతుంది, ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెబుతుంది. మధ్యాహ్నం తర్వాత అక్షరాలు నాకు రెండేసిగా కనిపిస్తాయి కాబట్టి పేపరు ఆమే చదివి వినిపించేది, పిల్లలకు వాక్యం చదివినట్టు వేలు పెట్టి.

"ఇను. ఈఎస్ఐ వేతన పరిమితిని ముప్పై వేలకు పెంచే అంశం పరిశీలనలో ఉన్నట్టు సమాచారం."

"పోయినేడు గూడ పరిశీలన్లనే ఉండె."

"ఇంకా సూస్తనే ఉన్నరు పాపం. మంచిగ సూసి చేద్దామనుకుంటున్నరేమో."

"కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినయన్నరు గద. అండ్ల ఏమన్న ఉన్నదా?"

"ఉన్నదనేటోళ్ళున్నరు, లేదనేటోళ్ళున్నరు. నిన్న ఫోన్ల ఒకడు 'గుడ్ న్యూస్' అని ఎర్రక్షరాలు వెట్టిండు. పది నిమిషాలు సూసిన. ఆఖరికి సబ్‌స్క్రైబ్ చేసుకోమన్నడు."

నాకు నవ్వొస్తే ముఖం సరిగా నవ్వదు, పెదవులు పైకి లేవవు. ఆమెకు అది తెలుసు కాబట్టి నా వంతు కూడా తనే నవ్వేది. ఢిల్లీలో ఫైలు ఏ బల్ల మీద ఉందో తెలియదు గాని, మా టీపాయ్ మీద మాత్రం రోజూ ఉండేది.

ఒక ఆదివారం చర్చి పెద్ద రాజారావు బైబిలు చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, గొంతు సవరించుకున్నాడు.

"బ్రదర్, ప్రేమతో చెప్తున్న, తప్పుగా తీసుకోవద్దు. సాయంకాలపు కూడికలో నీ పరిస్థితి అందరం చూసినం. కీర్తన సగంలో కూలబడ్డవు. దేవుని మందిరానికి గట్ల రావద్దు. ఆ వ్యసనం విడిచిపెట్టు."

సౌభాగ్యం లోపలికి పరుగెత్తింది. ఆయన ఆమె ఏడుస్తోందనుకున్నాడు. నాకు తెలుసు, పైట నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నేను తలొంచుకుని "ప్రార్థన చెయ్యున్రి అన్నా" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని పావుగంట ప్రార్థించాడు, మంచి మనిషి, మనసారా చేశాడు. వెళ్ళాక సౌభాగ్యం బయటికొచ్చి "ఇయ్యాల్టి సంది మానేస్తవా మరి?" అంది. అన్నాక ఆమె నవ్వు ఆగిపోయింది. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మార్చి రెండో వారంలో డిస్పెన్సరీకి మాత్రలకు వెళ్ళినప్పుడు కౌంటర్లో ఉన్న క్లర్కును అడిగాను. నా కోసం కాదన్నట్టు, ఎవరో మా దోస్తు కోసమన్నట్టు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త ఆర్నెల్ల చందా మొదలవుతుంది. ఆ రోజున జీతం గీతకు లోపల ఉంటే, తర్వాత ఎంత పెరిగినా ఆ ఆర్నెల్లూ లోపలున్నట్టే, వైద్యం వచ్చే జూన్ దాకా నడుస్తుంది. ఏప్రిల్ ఒకటికే జీతం దాటిపోతే మాత్రం పాత చందా మీద ఈ డిసెంబరు దాకానే.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఆలోచించాను. కొత్త జీతం ఏప్రిల్ నుంచి వస్తే నాకు జూలై మందు దొరుకుతుంది, వచ్చే జనవరిది దొరకదు. మే నుంచి వస్తే జనవరిదీ దొరుకుతుంది. ఆలోగా ఢిల్లీలో ఫైలు కదలొచ్చు. ఒక్క నెల ఆలస్యమైతే చాలు, ఇంకొక్క మందు. జీతం పెరిగితే ఏదో కంపెనీ ఇన్సూరెన్స్ పాలసీ ఇస్తారట. అది ఆసుపత్రిలో పడుకున్నవాళ్ళకే, పాత జబ్బులకు రెండేళ్ళ దాకా వర్తించదు. పైగా అందులో చేరడానికి జబ్బు పేరు రాసివ్వాలి.

మా యూనియన్ సెక్రటరీ యాదన్న. కర్దనూర్‌లో పెద్ద రైతు కుటుంబం. సగం పొలం రోడ్ల కింద, ప్లాట్ల కింద పోయాక ఫ్యాక్టరీకొచ్చాడు. ఇద్దరం ఒకే వారం చేరాం, పక్కపక్క లేతులు, ఇరవై ఒక్క ఏళ్ళు ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నాం. ఆదివారం ఆరాధన అయ్యాక, మాట బాగున్నప్పుడే, బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను.

యాదన్న బర్రెకు కుడితి పెడుతున్నాడు. నన్ను చూసి చేతులు కడుక్కుని మంచం వాల్చాడు. వాళ్ళావిడ రాధమ్మను కేకేసి మజ్జిగ తెప్పించాడు. ఆమె లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించాడు.

"నువ్వెందుకొచ్చినవో నాకెర్కే. సిగ్గువడకు. సంగారెడ్డి దిక్కు ఒక సెంటర్ ఉన్నదంట, నెల రోజులు పెట్టుకుంటరు, మాన్పిస్తరు. నేనే తోల్కవోత."

వీడూనా! నాకు ఒళ్ళు మండింది. జేబులోంచి మాత్రల పట్టీ తీసి మంచం మీద వేశాను.

"గియ్యేంది?"

మాట ముద్దకాకముందే ముగించాలని గబగబా అంతా చెప్పాను. జబ్బు పేరు, వెంటిలేటర్, జనవరి, జూలై, ఏప్రిల్ ఒకటి. యాదన్న వింటూ వింటూ లేచి నిలబడ్డాడు.

"ఇరవై ఒక్కేండ్ల సంది ఒక్క డబ్బల తిన్నం. రెండేండ్ల సంది నిన్ను ఊర్ల వాళ్ళు తాగుబోతంటుంటే అవునేమో అనుకున్న. నాకు జెప్పవా? నీ అసొంటి మనిషి ఉంటడారా?"

"జెప్తే నువ్వు పరేషాన్ అయితవని..."

"ఇప్పుడు గాలేదా?"

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"అన్నా, ఒక్క నెల. ఏప్రిల్ బదులు మే నుంచి వెట్టిస్తవా?"

అతను కుడితి తొట్టిని బర్రె ముందుకు జరిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నూట నలభై మందికి ఒక నెల ఆగాలె. రెండేండ్ల సంది ఎదురుసూస్తున్నరు."

"అడుగుడు తప్పే. నాకెర్కే."

"తప్పని ఎవడన్నడ్రా? లెక్క జెప్తున్న, గంతే."

"ఇంకొకటి. నా పేరు తియ్యొద్దు."

"పేరు దియ్యకుండ ఎట్లడగాలె? ఎందుకంటే ఏం జెప్పాలె?"

"నాకెర్క లేదు యాదన్నా."

బస్టాపు దాకా నాతో నడిచొచ్చాడు. బస్సెక్కేముందు మాత్రల పట్టీ నా జేబులో పెట్టాడు. మంచం మీదే మరిచిపోయి వచ్చాను.

మా దగ్గర ఏ ఒప్పందమైనా గేటు మీటింగులో తేలాలి. ఫస్టు షిఫ్టు దిగేవాళ్ళు, సెకండు షిఫ్టు ఎక్కేవాళ్ళు కలిసే అరగంటలోనే మీటింగు. ఓటింగుకు చీటీలు, డబ్బాలు ఉండవు. చేతులెత్తాలి. కమిటీవాళ్ళు రెండు వైపుల నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి మధ్యలో కలుస్తారు. లెక్క తేలేదాకా చెయ్యి దించకూడదు, దించితే ఓటు పోయినట్టే.

మార్చి ఇరవై నాలుగున మధ్యాహ్నం రెండింటికి గేటు బయట ఎండలో అందరం నిలబడ్డాం. ఆ రోజు టూల్ రూమ్ దగ్గర రద్దీ, ఆ హడావుడిలో పన్నెండున్నర మాత్ర వేసుకోవడం మరిచిపోయాను. సెక్యూరిటీ గది పక్కన సిమెంటు దిమ్మె మీద నిలబడ్డ యాదన్న నాకు ఇద్దరుగా కనిపిస్తున్నాడు.

పెరిగేది ఎంతో చెప్పాడు. చప్పట్లు, ఈలలు. అవి ఆగేదాకా ఆగి అన్నాడు.

"ఒక్క మాట. ఇది ఏప్రిల్ నుంచి గాకుండ మే నుంచి అమలువెడ్తే, కొందరికి ఈఎస్ఐ ఇంకో ఆర్నెల్లు నడుస్తది. జెర ఆలోచన జేయున్రి. ఒక్క నెలనే."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకేసారి అందుకున్నారు.

"ఎవలా కొందరు? పేర్లు జెప్పు!"

"ఈఎస్ఐ లైన్ల ఎవడు నిలవడ్తడు? పాలసీ ఇస్తున్నరు గద!"

"ఏప్రిల్ల మా పోరి ఫీజు గట్టాలె, యాదన్నా!"

వెనక నుంచి ఒకడు, ఎవడో చూడలేదు, గట్టిగా అన్నాడు. "నెల పెంపు పైసలు కంపెనీకి మిగులుతయి. అండ్ల నీకెంత ముట్టిందే?"

యాదన్న ముఖంలో నెత్తురు లేదు. పందొమ్మిదేళ్ళు యూనియన్ పని చేసినవాడు, కంపెనీ చాయ్ కూడా తాగనివాడు. నా పేరు చెబితే అక్కడే తీరిపోయేది. చెప్పలేదు. కనీసం నా వైపు చూడను కూడా చూడలేదు. చూస్తే జనం కూడా అటే చూస్తారని అతనికి తెలుసు.

"సరే," అన్నాడు. "ఏప్రిల్ నుంచి కావాల్సినోళ్ళు చేతులెత్తున్రి."

అందరికంటే ముందు లేచింది నా చెయ్యి. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఆ మాట అతన్ని అన్నారు, నాకు వినబడింది, చెయ్యి లేచింది. అంతకన్నా ఆలోచించలేదు.

లేచిన చెయ్యి నిలవాలి కదా! లెక్కపెట్టేవాళ్ళు ఇంకా పది మందిని కూడా దాటలేదు, నా భుజం బరువెక్కింది. మోచెయ్యి వంగింది. చెయ్యి నా చెవి దాకా జారింది. ఎడమ చేత్తో కుడి మోచెయ్యిని పట్టి పైకి తోశాను. రెండు చేతులూ తల మీద అడ్డదిడ్డంగా, రెప్పలు వాలిపోయి, అలా నిలబడ్డాను.

"సూడున్రి, సొలొమోనన్న ఫుల్లుగున్నడు!" అని అరిచాడు శివకుమార్, కుర్ర ఫిట్టరు. "రెండు చేతులెత్తిండు! రెండోట్లు రాసుకోన్రి!"

గేటు గేటంతా నవ్వింది. అంత కోపంగా ఉన్న జనం ఒక్కసారి చల్లబడ్డారు. కొందరు నా వీపు తట్టారు. లెక్కపెట్టే మనిషి నా దగ్గరికొచ్చి "ఒకటే రాస్తున్న అన్నా" అని నవ్వుతూ దాటిపోయాడు. యాదన్న మాత్రం నవ్వలేదు. దిమ్మె మీద నిలబడి నన్నే చూశాడు, లెక్క ముగిసేదాకా.

ఏప్రిలే ఖాయమై జనం చెదిరాక దగ్గరికొచ్చాడు. "నీ చెయ్యి నువ్వే ఎందుకెత్తినవ్‌రా?" అన్నాడు. చెప్పాలని నోరు తెరిచాను. మాట రాలేదు. ఆ రోజు నా మాట రెండున్నరకే అయిపోయింది.

కమిటీవాళ్ళు బాలుషాహీ మిఠాయి పంచారు. నమలలేను కాబట్టి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఇంటికెళ్ళి టీపాయ్ మీద పెట్టాను. సౌభాగ్యం కాగితం విప్పి చూసింది, నా ముఖం చూసింది. ఇంక చెప్పాల్సిందేమీ లేకపోయింది. ఆ సాయంత్రం పేపరు చదవలేదు. మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు పూర్తి చేసింది, గుండీలు కూడా కుట్టేసింది. బాలుషాహీని పాలలో నానబెట్టి చెంచాతో నాకు తినిపించింది.

మర్నాడు నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. ఐదింటికొచ్చింది, చెప్పులు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. అడిగితే "ఊకెనే తిరిగొచ్చిన" అంది. అలా నాలుగు రోజులు తిరిగింది. ఐదో రోజు చెప్పింది.

"ఇస్నాపూర్ కాడ అట్టడబ్బల యూనిట్ ఉన్నది, మందుల కంపెనీలకు డబ్బలు చేస్తరు. పనికి పెట్టుకున్నరు."

"నీకెందుకు పని?"

"జీతంలకెల్లి ఈఎస్ఐ కోస్తరు ఆడ. నా కార్డుల మొగని పేరు రాసుకుంటరంట. నీ జీతం ఎంతున్నా వాళ్ళకవుసరం లేదంట. నేను అడిగి తెలుసుకున్న."

నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మాట దాసుకో. నేను జెప్పేది ఇను. ఆరు కంపెనీలు తిరిగిన. అందరూ జీతం ముచ్చట చెప్పవట్టిరి. జీతమెంతనన్న ఇయ్యున్రి, ఈఎస్ఐ కోస్తరా లేదా అని అడిగిన. ఆఫీసు పిలగాడు నవ్విండు. 'అమ్మా, అందరూ కొయ్యొద్దని బతిలాడ్తరు, కొయ్యమని అడిగినదానివి నువ్వొక్కదానివే' అన్నడు."

ఆమె నవ్వింది. ఈసారి నా వంతు కూడా నవ్వలేదు. నలభై రెండేళ్ళ మనిషి, ఎన్నడూ గడియారం చూసి పని చెయ్యని మనిషి, కుట్టు మిషను మీద పాత చీర కప్పి ఏప్రిల్ ఒకటిన అట్టడబ్బాల పనికి పోయింది. నా జీతంలో ఈఎస్ఐ కోత ఆగింది ఆ రోజే.

ఆమెకు ఇచ్చింది సెకండు షిఫ్టు. ఒంటిగంటకు ఇల్లు వదులుతుంది. నేను పావు తక్కువ మూడుకు వస్తాను. ఆమె తిరిగొచ్చేసరికి రాత్రి పదకొండు, ఎనిమిదికే నా రెప్పలు మూతపడతాయి. పొద్దున ఐదుంపావుకు నేను వెళ్ళేటప్పుడు ఆమె ఒళ్ళెరక్కుండా నిద్రపోతుంటుంది. లేపబుద్ధి కాదు. మా ఫ్యాక్టరీకి ఆదివారం సెలవు, వాళ్ళ యూనిట్‌కు గురువారం. ఇరవై ఏళ్ళు ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ బతికినవాళ్ళం, ఇప్పుడు ఒకరి చెప్పులు ఒకరం చూసుకుంటున్నాం.

మధ్యాహ్నం లేచి టీ నేనే పెట్టుకుంటాను. పేపరు మడత విప్పకుండా పక్కన పెడతాను. అక్షరాలు రెండేసిగా ఉంటే ఫైలు కదిలిందో లేదో ఎవరు చెప్పాలి? చర్చికి ఒక్కణ్ణే వెళ్తున్నాను. రాజారావు నా భుజం మీద చెయ్యేసి "సోదరిని పనికి పంపేదాకా తెచ్చుకున్నవా బ్రదర్" అన్నాడు. "ఆమెన్" అన్నాను. ఇంకేమనాలి?

జూన్‌లో యూనియన్ ఎన్నికల్లో యాదన్న ఓడిపోయాడు. మే అన్నవాణ్ణి నమ్మేదెట్లా అన్నారు. నేనతనికే ఓటేశాను, చెయ్యి నిలిచింది, పొద్దున పెట్టిన మీటింగు కాబట్టి. యాదన్న ఇప్పుడు రోజూ పన్నెండున్నరకు టూల్ రూమ్ ముందు నుంచి నడిచిపోతాడు. పనేమీ ఉండదు. కౌంటర్ మీద వేలితో రెండుసార్లు కొట్టి పోతాడు. నేను మాత్ర వేసుకుంటాను.

జూలై మందుకు పెద్దాసుపత్రికి ఒక్కణ్ణే వెళ్ళాను. కొత్త పని కాబట్టి సౌభాగ్యానికి సెలవు దొరకలేదు. నర్సమ్మ "వెంట ఎవరొచ్చారు?" అంది. ఎవరూ లేరన్నాను. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేసింది. ఆరు గంటలు చుక్క చుక్క ఎక్కుతుంటే పక్క మంచాల వాళ్ళ ఇంటి మనుషులు ముచ్చట్లు పెట్టుకోవడం వింటూ పడుకున్నాను. జనవరిలో ఈ మంచం నాకు దొరుకుతుందో లేదో తెలియదు. కొత్త కార్డు మీద ఇలాంటి పెద్ద వైద్యానికి ఎన్నాళ్ళు చందా కట్టి ఉండాలో ముగ్గుర్ని అడిగితే ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. ఢిల్లీ ఫైలు ఇంకా పరిశీలనలోనే ఉంది.

ఆ మర్నాడే సౌభాగ్యం కొత్త కార్డు కాగితం టిఫిన్ డబ్బా కింద పెట్టి పోయింది. పైన ఆమె పేరు. కింద కుటుంబ సభ్యులు, సొలొమోను, భర్త. నేను దాన్ని మడత పెట్టి బైబిల్లో దాచాను.

నా మాట బాగుండేది పొద్దున్నే. అప్పుడు వినేవాళ్ళు ఉండరు. అందుకని ఐదింటికి బయటి మెట్ల మీద కూర్చుని ఫోన్లో మాట రికార్డు చేసి ఆమెకు పంపడం మొదలుపెట్టాను. బియ్యం అయిపోయాయని, యాదన్న వేలితో కొట్టాడని, ఏదో ఒకటి. ఒక్కోరోజు ఒక చరణం పాడతాను, చర్చిలో పూర్తి చెయ్యలేనిది. ఆమె ఒంటిగంట బస్సులో వింటుంది. బస్సులోంచే జవాబు పంపుతుంది, నేను ఇంటికొచ్చి వింటాను.

మొన్న వచ్చిన జవాబులో బస్సు హారన్ల మధ్య ఆమె గొంతు.

"పాట స్పీకర్ల వెట్టిన. నా పక్కన ముత్యమ్మ అడిగింది, ఎవరే గంత మంచిగ పాడుతున్నరని. మా ఆయన అన్న. గర్వంగనే చెప్పిన. ఇగ ఇంకొకటి, నీకు జెప్పలె. రాత్రి రాంగనే నీ ముక్కు కాడ చెయ్యి వెట్టి సూస్త. ఊపిరి ఆడుతున్నదా లేదా అని. సూసినంకనే కాళ్ళు కడుక్కుంట, అన్నం తింట. ఒక్కోనాడు నీది సన్నగ ఆడుతది, తెల్వది, చానసేపు వెట్టుకోని కూసుంట. భయమైతది. జెర గట్టిగ పీల్చు."

నాలుగుసార్లు విన్నాను. రోజూ ఆ పని చేస్తోందని నాకు తెలియదు. ఆ రాత్రి మెలకువగా ఉండాలని పట్టుబట్టాను. రాత్రి మాత్ర ఆలస్యంగా వేసుకున్నాను, గోడకు ఆనుకుని కూర్చున్నాను, తర్వాత పడుకోక తప్పలేదు. రెప్పలు మూతపడ్డాయి గాని నిద్ర పోలేదు.

గొళ్ళెం తీసిన చప్పుడు. చెప్పులు విడిచిన చప్పుడు. అట్టల వాసన, జిగురు వాసన దగ్గరికొచ్చాయి. ముక్కు కింద ఆమె వేళ్ళు తగిలాయి. లేచి పలకరించాలనుకున్నాను. కళ్ళు తెరుచుకోలేదు, మాట రాలేదు, ఆమె చెయ్యి పట్టుకుందామంటే చెయ్యి లేవలేదు. నా చేతిలో ఉన్నది ఒక్కటే. ఛాతీ నిండా గాలి పీల్చి, ఆమె వేళ్ళ మీద గట్టిగా వదిలాను.

ఆమె చెయ్యి కాసేపు అక్కడే ఉంది. తర్వాత తీసేసింది. బాత్రూంలో నీళ్ళు పడ్డాయి. కాసేపటికి వంటింట్లో కంచం చప్పుడైంది.